రేపల్లె అత్తయ్యను నేను విలన్ని చేసిన వైనం

ఇప్పుడంటే ఎవరి ఫోన్ వాళ్ల అరచేతిలో, ఎవరి కథ వాళ్ల చెవిలో గానీ, ఆ రోజుల్లో సాయంత్రం ఏడున్నర అయిందంటే తెనాలిలో మా వీధి మొత్తానికీ ఒకటే ఏడుపు వినిపించేది. ఆ చివరింట్లో కోడలు మొదలుపెట్టిన ఏడుపు ఈ చివరింటి దాకా, ఏ గుమ్మం ముందు నిలబడ్డా ఒక్క ముక్క పోకుండా అందేది (టీవీలో కోడలు లెండి, వీధిలో కోడళ్లందరూ ఆ సమయానికి కన్నార్పకుండా దాన్నే చూస్తుండేవారు). నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. స్టేషను రోడ్డులో ఒక డీటీపీ షాపులో పెళ్లికార్డులూ, స్కూళ్ల ప్రశ్నపత్రాలూ టైపు చేసేవాణ్ని. రోజంతా పక్కవాళ్ల మాటలు టైపు చేసేవాడికి ఎప్పుడో ఒకప్పుడు తన మాటలు కూడా టైపు చేసుకోవాలనిపిస్తుంది. నాకు కాస్త తొందరగా అనిపించింది. అమ్మ సీరియల్ చూస్తుంటే వెనక నిలబడి "ఇప్పుడు వాడు ఆ ఉత్తరం చించేస్తాడు చూడు" అనేవాణ్ని. వాడు చించేసేవాడు. వారంలో నాలుగుసార్లు నేను చెప్పినట్టే జరిగేసరికి నాలో ఒక రచయిత ఉన్నాడని నాకు గట్టి నమ్మకం కుదిరింది. "అంత తెలిసినవాడివి నువ్వే రాయరాదూ, మమ్మల్ని కాసేపు ప్రశాంతంగా చూడనివ్వు" అంది అమ్మ. ఆవిడ విసుక్కుంది. నేను ఆశీర్వదించిందనుకున్నాను.

కథానాయిక సులభంగానే దొరికింది (బ్యాంకు కౌంటర్లో కూర్చునే అమ్మాయి, ఆ సంగతి ఆమెకు ఈనాటికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు). ఆమెకు కష్టాలు కూడా చకచకా వచ్చిపడ్డాయి. ఆ కష్టాలు పెట్టే మనిషే దొరకలేదు. వీధిలో వాళ్లనీ, బంధువుల్నీ, షాపుకు వచ్చేవాళ్లనీ ఒక్కొక్కరినే తలుచుకుని చూశాను. అందరూ మామూలు మనుషులే. కొందరికి కాస్త పిసినారితనం, కొందరికి కాస్త నోటిదురుసు, అంతకుమించి సీరియల్‌కి పనికొచ్చే దుర్మార్గం ఎవరిలోనూ కనిపించలేదు. పదిరోజులు ఇలా వెతికి వేసారాక ఒక మధ్యాహ్నం మా బంధువు ఒకాయన షాపులోకి వచ్చి, నేను టైపు చేసిన తన కూతురి పెళ్లికార్డును మా ఓనరు బల్ల మీద పెట్టాడు. దాని మీద ఎర్రసిరాతో పదకొండు చోట్ల సున్నాలు చుట్టి ఉన్నాయి. అడుగున "టైపు చేసినవారు శ్రద్ధ వహించవలెను" అని రాసి, పదికి నాలుగు మార్కులు వేసి ఉంది. చేతిరాత చూడగానే నాకు తెలిసిపోయింది. ఓనరు నన్ను చూసిన చూపుకి చెవులు కాలిపోయాయి. ఆ కాలుతున్న చెవులతోనే ఇంటికెళ్లి, అన్నం కూడా తినకుండా, నా విలన్ని రాయడం మొదలుపెట్టాను.

ఆ ఎర్రసిరా మా రేపల్లె అత్తయ్యది. మా నాన్నకి అక్క. పెళ్లి చేసుకోలేదు. రేపల్లెలో ఒక మిషను బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. ఇంటర్ రెండేళ్లూ నేను ఆవిడ ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. ఇంటికొచ్చిన ఏ శుభలేఖనైనా ఆవిడ దిద్ది, పెళ్లికి వెళ్లినప్పుడు పెళ్లివాళ్లకే తిరిగిచ్చేది. ఏ గదిలోకి వెళ్లినా గడప బయట ఆగి రెండుసార్లు దగ్గేది. "చెప్పడం వరకే నా పని, వినడం వినకపోవడం మీ ఇష్టం" అనేది. అన్నాక వినకుండా ఉన్న మనిషిని నేను చూడలేదు. ఇక నడుముకి ఎప్పుడూ ఒక తాళాలగుత్తి. వంటింట్లో ఉన్నా, చర్చిలో ఉన్నా గలగలమంటూనే ఉండేది. వీటన్నిటినీ నా కథలోకి ఎత్తుకెళ్లాను. నా మేనత్త పాత్ర గడప బయట నిలబడి చాటుగా మాటలు విని, విన్నది చాలనుకున్నాక దగ్గుతుంది. ఎర్రసిరాతో కోడలి ఉత్తరాలు దిద్దుతుంది. గుత్తిలో తాళాలతో పచ్చళ్ల అల్మారా దగ్గర్నుంచి పంచదార డబ్బా దాకా బిగిస్తుంది. నాలుగు సాయంత్రాల్లో కథ పూర్తయింది. (దానికి పెట్టిన పేరు ఇక్కడ రాయను. కొన్ని సిగ్గులు మనిషితోనే పోవాలి.)

అబ్బాయి సీరియల్ రాస్తున్నాడని అమ్మ ఊరుకోలేక అత్తయ్యకి ఫోన్లో చెప్పేసింది. మర్నాడే అత్తయ్య షాపుకి ఫోన్ చేసింది.

"కథేంట్రా?"

"ఒక టీచరమ్మ కథ అత్తయ్యా" అన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. "అసలు నిన్ను చూసే రాశాను."

ఆవిడ గొంతు సవరించుకుని "నాలో రాయడానికేముందిరా" అంది. రెండేళ్లు ఒకే ఇంట్లో ఉన్నా ఆ గొంతులో అంత మెత్తదనం నేనెప్పుడూ వినలేదు. అబద్ధం చెప్పలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆవిణ్ని చూసి రాసిన మాట నిజమే.

ఆ శనివారం రేపల్లెలో స్త్రీల కూడికలో అత్తయ్య లేచి నా సీరియల్ కోసం ప్రార్థన పెట్టించింది. మా చర్చిలో ఆ కూడికకి ఒక పద్ధతుంది. ప్రార్థన పెట్టించేవాళ్లు ఊరికే పెట్టించడానికి లేదు, సంగతి వివరంగా చెప్పాలి. ప్రెసిడెంటమ్మగారు దాన్ని ఒక నోటుపుస్తకంలో రాసుకుంటారు. అది నెరవేరితే, పెట్టించినవాళ్లే మళ్లీ అందరి ముందూ నిలబడి కృతజ్ఞత చెప్పాలి, ఎవరి కోసం పెట్టించారో వాళ్లని పక్కన నిలబెట్టుకుని. అలా ఒకరి మోకాళ్ల నొప్పికీ ఇంకొకరి కూతురి నర్సింగు సీటుకీ మధ్యలో "టీచరమ్మగారి మేనల్లుడి సీరియలు, టీచరమ్మగారిని గురించినది" అని ఎక్కింది. మూడువారాల పాటు ఇరవైమంది ఆడవాళ్లు కళ్లు మూసుకుని ఆ కథ కోసం వేడుకున్నారు. అందులో అత్తయ్యను ఏం చేశానో దేవుడికీ నాకూ మాత్రమే తెలుసు.

ప్రార్థన ఫలమో, మా ఓనరు తమ్ముడు కెమెరావాళ్ల దగ్గర పనిచేస్తుండటం వల్లో గానీ, మూడోవారం కబురొచ్చింది. టీవీకి సీరియల్స్ తీసే ఒక సంస్థలో కథలు వినే ఆయన సూర్యలంకలో లొకేషన్లు చూసుకోవడానికి వచ్చి, సముద్రం ఒడ్డున రిసార్టులో దిగాడట. ముందుగా ఒక పేజీలో కథ మెయిల్ చేసి, గురువారం పదకొండింటికి రమ్మన్నాడట. పేజీ పంపాను. గురువారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, పేజీ ఇంకో కాపీ జేబులో పెట్టుకుని తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగాను. ఆటో కోసం బస్టాండు వైపు వెళ్తే అక్కడ పట్టుచీర కట్టుకుని అత్తయ్య నిలబడి ఉంది (అమ్మ మళ్లీ ఊరుకోలేక ఫోన్ చేసేసింది). పక్కన నోటుపుస్తకంతో ప్రెసిడెంటమ్మగారు. ఇద్దరి మధ్యా నాలుగు గిన్నెల క్యారేజీ.

"చెరుకుపల్లి మీదుగా పొద్దున్నే బస్సెక్కేశాం బాబూ" అన్నారు ప్రెసిడెంటమ్మగారు. "నువ్వు కథ చెబుతున్నంతసేపూ మేం బయట సరుగుడు చెట్ల కింద కూర్చుని ప్రార్థన చేసుకుంటాం. నీకేం అడ్డం రాం."

"ఎందుకొచ్చావత్తయ్యా ఇంత దూరం" అన్నాను.

"నా కథ కదరా" అంది అత్తయ్య.

బయట కూర్చుంటే ఈ కథే ఉండేది కాదు. మేం ముగ్గురం రిసార్టు చేరేసరికి, ఆ కథలు వినే సారు వరండాలోనే పడక్కుర్చీలో కూర్చుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "అమ్మా, మీరు బయటెందుకండి, రండి కూర్చోండి. సీరియల్స్ చూసేది మీరు. అసలు మీకు నచ్చితేనే మాకు తిండి" అని ఇద్దరికీ కుర్చీలు తనే లాగి వేశాడు. మర్యాదస్తుడే. ఆ మర్యాదే నా కొంప ముంచింది. ఆయనకి కళ్లు మూసుకుని కథ వినే అలవాటట. నచ్చిన చోట కళ్లు తెరుస్తాడట. అది ముందే చెప్పి, మూసుకున్నాడు.

నేను అప్పటికప్పుడు కథ మార్చేశాను. ఒక ఊళ్లో ఒక టీచరమ్మ ఉందన్నాను. చాలా మంచిదన్నాను. పిల్లలంటే ప్రాణమన్నాను. ప్రెసిడెంటమ్మగారు తలూపుతున్నారు. అత్తయ్య తలవంచుకుని పమిట కొంగు మడత పెట్టుకుంటోంది. పది నిమిషాలు చెప్పాను. మంచితనం తప్ప నాకింకేమీ తట్టలేదు. సారు కళ్లు తెరవలేదు, పైగా నోరు కాస్త తెరుచుకుంది. చివరికి అలాగే కళ్లు మూసుకుని "ఇదికాదు తమ్ముడూ, నువ్వు పంపిన పేజీలో ఒక మేనత్త ఉంది కదా, దగ్గుతుంది, తాళాలూ అవీ. ఆవిణ్ని చూసే నిన్ను రమ్మంది. ఆవిడేదీ?" అన్నాడు.

లేదండి, అది తీసేశానండి అంటే సరిపోయేది. అంటే ఆయన వేరుశనక్కాయలు నా చేతిలో నాలుగు పెట్టి పంపించేసేవాడు. నేను అనలేదు. అత్తయ్య వైపు చూడకుండా మేనత్త గురించి మొదలుపెట్టాను. మొదటి వాక్యం కాస్త వణికింది. రెండో వాక్యానికి సారు ఒక కన్ను తెరిచాడు. ఆ కన్ను చూశాక నన్ను పట్టుకునేవాళ్లు లేకపోయారు. రెండో కన్ను కూడా తెరిపించాలని లేచి నిలబడ్డాను. వరండా గడప బయటికి వెళ్లి రెండుసార్లు దగ్గి లోపలికొచ్చాను. నడుం మీద చెయ్యి వేసుకుని, లేని తాళాలు ఆడించుకుంటూ నడిచాను. "చెప్పడం వరకే నా పని" అని ముక్కుతో అన్నాను. సారు పగలబడి నవ్వాడు. నిజం చెప్పాలంటే, ఆ ఐదు నిమిషాలూ నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా తలుచుకుంటే అన్నిటికన్నా ఎక్కువ సిగ్గేసేది ఆ సంతోషానికే.

ప్రెసిడెంటమ్మగారు కూడా నవ్వారు, పాపం కల్లాకపటం లేని మనిషి. "అబ్బ, అచ్చం మన టీచరమ్మగారు దగ్గినట్టే..." అని, అంతటితో ఆపి, నోటుపుస్తకం తెరిచి అందులోకి చూడటం మొదలుపెట్టారు. అప్పుడు నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ కోపంగా లేదు. క్లాసులో బాగా చదువుతాడనుకున్న పిల్లవాడి పేపరు దిద్దుతూ ఆగిపోయినట్టు ఉంది ఆ మొహం.

"మన ఇంటికున్నవి రెండే తాళాలు కదరా" అంది నెమ్మదిగా. "వీధి తలుపుదొకటి, బీరువాదొకటి. గుత్తిలో పదున్నాయి. మిగతా ఎనిమిదీ ఏవని నీకెప్పుడూ అనిపించలేదా?"

అనిపించలేదు. రెండేళ్లు ఆ ఇంట్లో తిన్నాను. పచ్చళ్లకి తాళం లేదనీ, ఎప్పుడు పడితే అప్పుడు మాగాయ జాడీలో చెయ్యి పెట్టింది నేనేననీ అప్పుడు గుర్తొచ్చింది.

"ఏ తాళాలమ్మా అవి?" అన్నాడు సారు. మేనత్త ఎవరో ఆయనకీ అర్థమైపోయింది. కాళ్లు కిందికి దించి సరిగ్గా కూర్చున్నాడు.

"బడివండి" అంది అత్తయ్య. గుత్తి విప్పి ఒక్కొక్కటే వేలితో జరిపింది. "ఇది గేటుది. ఇది ఆఫీసు గది. ఈ అయిదూ క్లాసులవి. ఈ చిన్నది హాజరు పట్టీల బీరువాది. నేను రిటైరైన ఏడే బడి మూసేశారండి, తాళాలేసి రమ్మన్నారు, వేసి వచ్చాను. ఎవరికివ్వాలో చెప్పలేదు. రేపెవరన్నా వచ్చి తెరుస్తామంటే ఉండాలి కదండి."

సారు కాసేపు వేరుశనక్కాయలు ముట్టుకోలేదు. "బాగుందమ్మా" అన్నాడు. తర్వాత, చెప్పక తప్పదన్నట్టు, "కానీ ఇందులో గొడవ లేదమ్మా. మాకు రోజూ గొడవ కావాలి" అన్నాడు.

"గొడవేం లేదండి. పిల్లలు రావడం మానేశారు, మూసేశారు. అంతేనండి."

ఆయన నా వైపు తిరిగాడు. "తమ్ముడూ, అమ్మగారు ఏమీ అనుకోకపోతే, పచ్చళ్ల అల్మారానే ఉంచుదాం. నువ్వు చేసి చూపించినట్టే ఉండాలి ఆవిడ. సోమవారం హైదరాబాదు వచ్చెయ్. ఏమంటావ్?"

అత్తయ్య నన్ను చూడటం లేదు. సరుగుడు చెట్ల సందుల్లోంచి సముద్రం వైపు చూస్తోంది. నేను ఏమంటానో వినకుండా ఉండటానికి ప్రయత్నిస్తోందని నాకు తెలుసు.

"సరేనండి" అన్నాను. ఆ గడబిడలో కూడా 'అండి' మర్చిపోలేదు.

తర్వాత ముగ్గురం సరుగుడు చెట్ల కింద కూర్చుని క్యారేజీ విప్పాం. చేపల పులుసు తెచ్చింది అత్తయ్య. నా ఆకులో పెద్దముక్క వేసి "ముల్లుంటుంది, చూసుకో" అంది. చూసుకునే తిన్నాను, అయినా గొంతు దిగలేదు.

శనివారం రేపల్లె రమ్మని కబురు పెట్టింది. నెరవేరింది కాబట్టి కృతజ్ఞత చెప్పాలి కదా. వెళ్లకుండా ఉండటానికి జ్వరం దగ్గర్నుంచి అన్నీ ఆలోచించాను, కానీ వెళ్లాను. కూడికలో ఇరవైమంది ఆడవాళ్లు చాపల మీద కూర్చుని నన్ను ముద్దుగా చూస్తున్నారు. మా వంతు రాగానే ప్రెసిడెంటమ్మగారు గొంతు తగ్గించి "టీచరమ్మగారూ, ఇదొక్కటీ వదిలేద్దామండి, నేను కొట్టేస్తాను" అన్నారు.

"పెట్టించింది నేను. చెప్పాల్సింది కూడా నేనే" అని అత్తయ్య లేచింది. నన్ను పక్కన నిలబెట్టుకుంది. బళ్లో ప్రార్థన చేయించే గొంతుతో చెప్పింది: "మా మేనల్లుడి కథ టీవీవాళ్లకి నచ్చింది. సోమవారం హైదరాబాదు రమ్మన్నారు. అందులో చెడ్డమనిషి నేనే. అబ్బాయి నన్ను చాలా శ్రద్ధగా గమనించాడు. దేవునికి స్తోత్రం."

"స్తోత్రం" అన్నారు ఇరవైమందీ ఒక్క గొంతుతో. అనేశాక, ఏమన్నారో ఒక్కొక్కరికే అర్థమవుతూ వచ్చింది. వాళ్ల మొహాలు చూసే ధైర్యం లేక నేను గచ్చులో పగుళ్లు చూస్తూ నిలబడ్డాను. ఆ హాల్లో గచ్చుకి ఎన్ని పగుళ్లున్నాయో, ఏది ఎటు తిరిగిందో ఈరోజు కూడా కాగితం మీద గీసి చూపించగలను.

తెనాలి ప్యాసింజరు ఎక్కించడానికి అత్తయ్య స్టేషనుదాకా వచ్చింది. బండి కదలబోతుండగా ధైర్యం చేసి "తప్పయిపోయిందత్తయ్యా" అన్నాను.

"చెప్పావుగా. చెప్పడం వరకే నీ పని" అని ఒక మడత కాగితం కిటికీలోంచి ఇచ్చింది. సూర్యలంకలో కంగారులో నేను బల్ల మీద వదిలేసి వచ్చిన పేజీ. పచ్చళ్ల అల్మారా అన్నచోట ఒకే ఒక్క ఎర్ర సున్నా. అడుగున "పరిశీలన బాగున్నది. విచారణ లేదు" అని రాసి పదికి ఆరు వేసింది. పెళ్లికార్డు కన్నా రెండు ఎక్కువే. ఆ రెండు మార్కులు చూసి రైల్లో ఏడ్చాను. ఎదురుగా కూర్చున్నాయన, పరీక్ష పోయిందనుకున్నాడో ఏమో, "మళ్లీ రాద్దువులే బాబూ" అన్నాడు.

ఇంత జరిగాక బుద్ధొచ్చి మానుకున్నానని రాస్తే చదివేవాళ్లకి బాగుంటుంది. కానీ మానుకోలేదు, సోమవారం హైదరాబాదు వెళ్లాను. ఒక గదిలో ఆరుగురు రచయితలం కూర్చునేవాళ్లం. రెండోవారానికి మేనత్త సవతితల్లి అయింది. నెల తిరిగేసరికి దగ్గు తీసేశారు, డైలాగుకి అడ్డం వస్తోందని. తాళాలగుత్తి స్థానంలో పిస్తోలు వచ్చింది. మూడోనెలలో ఛానెలువాళ్లు తమకిక పాము కథ కావాలన్నారు. పాము లోపలికి వచ్చింది, మేం బయటికొచ్చాం. తెనాలి తిరిగొచ్చి మా ఓనరు ముందు నిలబడితే, ఆయన ఏమీ అడక్కుండా ఒక పెళ్లికార్డు మ్యాటరు నా చేతిలో పెట్టాడు. దాన్ని మూడుసార్లు దిద్దుకున్నాను.

ఇప్పుడా షాపు నాదే. అత్తయ్యకి ఎనభై దాటాయి. మోకాళ్లు కదలనివ్వక రోజంతా టీవీ ముందే. పక్కన ప్రెసిడెంటమ్మగారు కూడా (నోటుపుస్తకం ఇప్పుడు వేరే వాళ్లది). ఏ సీరియల్లోనైనా కొత్తగా ఒక దుష్ట మేనత్త రాగానే నాకు ఫోన్ వస్తుంది. "ఇది నువ్వు రాసిందేనా?" అంటుంది. "కాదత్తయ్యా, నేను మానేసి చాలా ఏళ్లయింది" అంటాను. "అనుకున్నాలే. ఈవిడకి దగ్గడం రావట్లేదు. ఆ రోజు సూర్యలంకలో నువ్వే బాగా దగ్గావు" అంటుంది. కాసేపాగి, "ఏదీ, ఒకసారి దగ్గు" అంటుంది.

షాపులో జిరాక్సుల కోసం నలుగురు నిలబడి ఉంటారు. తల నెరిసిన మనిషిని, ఫోన్ చెవిన పెట్టుకుని, గడప బయట అత్తయ్య దగ్గినట్టే రెండుసార్లు దగ్గుతాను. వాళ్లు నన్ను అదోలా చూస్తారు, చూడనీ. అటువైపు ఆవిడ నవ్వుతుంది. ఆ నవ్వుకి నడుం దగ్గర తాళాలు గలగలమంటాయి. పదీ ఉన్నాయో లేదోనని నేను చెవి ఒగ్గి వింటాను.